కుడివైపు, బొడ్డు కింద

గోధుమపాలు పొయ్యెక్కాక ఇక మనిషి తన మనిషి కాదు, ఆ బాణలి మనిషి. తెడ్డు ఆగిందా, అడుగంటుతుంది. అడుగంటిందా, ఆ మాడువాసన పైదాకా పాకి మొత్తం పారబోసుకోవాలి. రోజుల తరబడి గోధుమలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వేసి పిండి, ఆ పాలు పులిసేదాకా కాచుక్కూర్చున్న చాకిరీ అంతా మట్టిపాలు. అందుకే దుర్గ వచ్చి వంటపాక గుమ్మంలో నిలబడి "అమ్మా, నొప్పిగా ఉందే" అన్నప్పుడు నూకరత్నం తల తిప్పి చూడలేదు.

"ఎక్కడే?"

"అక్కడే."

అక్కడంటే కుడివైపు, బొడ్డు కింద. అక్కడేముందో ఆ ఇంట్లో ముగ్గురికి తప్ప చోడవరంలో మరో ప్రాణికి తెలియదని నూకరత్నం నమ్మకం. ఎవరో చనిపోయిన మనిషిలోంచి, షుగరుని అదుపులో ఉంచే పాంక్రియాస్ తీసి, హైదరాబాద్ డాక్టర్లు దుర్గ కడుపులో పెట్టారు. దుర్గ సొంతది దాని చోట అది ఉండనే ఉంది, చిన్నప్పుడే పనిచెయ్యడం మానేసి. ఇంజక్షన్లతో నెట్టుకొస్తున్న పిల్లకి, ఆపరేషన్‌కి రెండేళ్ల ముందు షుగరు చెప్పాపెట్టకుండా పడిపోవడం మొదలైంది. నీళ్లబిందె ఎత్తుకుంటూ పడిపోయేది, మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయేది. ఆపరేషన్ తరవాత ఒక్కసారి పడలేదు. సూది మొహం చూడలేదు. హల్వా కొట్లో పుట్టి ఇరవై మూడేళ్లొచ్చిన పిల్ల, మొన్న వేసవిలో మొదటిసారి తండ్రి చేతి హల్వా భయం లేకుండా తింది. ఆ రోజు బంగార్రాజు వెనక్కి తిరిగి చాలాసేపు కట్టెలు సర్దాడు.

"గ్యాసేమోనే. వామ్ము నవులు."

"గ్యాసు కాదే. ముట్టుకుంటే గట్టిగా తగులుతంది. హైదరాబాద్‌కి ఫోన్ చేసేస్తాను. నొప్పొస్తే గంట కూడా ఆగొద్దన్నారు గదా."

నూకరత్నం తెడ్డు చెయ్యి మార్చుకుంది. నెయ్యి పైకి తేలడానికి ఇంకా చాలా సేపుంది. బంగార్రాజు జీడిపప్పు కోసం అనకాపల్లి వెళ్లాడు. ఎల్లుండి రోలుగుంటలో పెళ్లి, హల్వా అంతా వీళ్లదే. సారె బిందెల్లో వెళ్లే హల్వా.

"సేస్తే ఏటంటారు, రమ్మంటారు. బాణలి నెత్తిన పెట్టుకుని ఎలాగెల్తాం? రేపు పొద్దున్నే ఇక్కడే స్కానింగు తీయించీసుకుందాం. ఏటీ లేదంటే సరే, ఏదైనా ఉందంటే అప్పుడే ఫోను సేద్దువు."

దుర్గ గుమ్మానికి ఆనుకుని, అరచెయ్యి కడుపు మీద ఆనించి నిలబడింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆ పిల్లకి అదో అలవాటు, బస్సులో పక్క సీట్లో చిన్నపిల్లని పట్టుకున్నట్టు అక్కడ చెయ్యి వేసుకుని కూర్చుంటుంది. నలుగురిలో అలా కూర్చుంటే నూకరత్నం ఆ చేతిని పట్టి లాగేసేది.

దాచమన్నది నూకరత్నమే. శవం ముక్క కడుపులో పెట్టుకున్న పిల్ల ఉన్న ఇంట్లో మిఠాయి ఎవరు కొంటారు? పెళ్లిళ్లకీ సీమంతాలకీ ఎవరు ఆర్డరిస్తారు? ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. ఆమే అనుకుంది, అందరూ అంటారని. హైదరాబాద్ నుంచి రాకముందే కూతురి చేత తన నెత్తిమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఊళ్లో మాత్రం అపెండిక్స్ పగిలిందనీ, అందుకే కోత అంత పెద్దదనీ చెప్పింది. ఒకరికి చెప్పింది, ఇద్దరికి చెప్పింది. చెప్పగా చెప్పగా ఆ కోత గురించి ఎవరైనా అడిగితే తడుముకోకుండా వచ్చేసే మాటయింది అది.

* * *

స్కానింగు సెంటర్లో ఒకవైపు గోడనిండా, ఇక్కడ ఆడా మగా చెప్పబడదు అని పెద్ద బోర్డు. దాని కింద బల్లల మీద వరసగా కడుపుతో ఉన్నవాళ్లు, వాళ్ల అత్తలు, తల్లులు. మధ్యలో మెడలో తాడు లేని దుర్గ, చేతిలో నీళ్ల సీసాతో. నీళ్లు నిండా తాగి కూర్చోమన్నారు. ఎదురు బల్ల మీద, మాడుగుల నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె దుర్గ మొహం చూసి, మెడ చూసి, పొట్ట చూసి, మళ్లీ మొహం చూసింది.

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. ఎవరూ అడక్కుండానే అందరికీ వినబడేలా అంది.

"మా పాపకి అపెండిక్స్ ఆపరేషనైందండి. ఆ నొప్పే మళ్లీ తిరగబెట్టింది. అందుకొచ్చేం."

ముసలమ్మ చూపు తిప్పుకుంది. దుర్గ సీసా మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించింది.

"దుర్గమ్మా, రా తల్లీ" అంటూ తలుపు తీసింది అచ్చియ్యమ్మ. స్కానింగు గదిలో పేర్లు పిలిచి, మంచం ఎక్కించి, జెల్లు తుడిచే మనిషి ఆవిడ. వీళ్ల వీధే, నాలుగిళ్ల అవతల. అచ్చియ్యమ్మ చెవిన పడ్డ మాట చోడవరం కాంప్లెక్సులో బస్సెక్కినట్టే, సాయంత్రానికి అన్ని ఊళ్లూ తిరిగొస్తుంది.

లోపల చీకటి. ఏసీ చప్పుడు. డాక్టర్ సాలెహా అనకాపల్లి నుంచి వచ్చి పోయే మనిషి. చిన్నావిడ, చేతులు మాత్రం పెద్దవాళ్ల చేతుల్లా నెమ్మదిగా కదులుతాయి. దుర్గ కుర్తీ పైకి జరిపి నిలువు కోత చూసింది.

"ఇంత పెద్ద ఆపరేషనా? ఏం ఆపరేషనమ్మా ఇది?"

దుర్గ నోరు తెరిచింది. తెరిచి, తల్లి వైపు చూసింది. నూకరత్నం చూపు అచ్చియ్యమ్మ మీద ఉంది. అచ్చియ్యమ్మ పేపరు నాప్‌కిన్లు మడతలు పెడుతోంది.

"అపెండిక్స్ అండి డాక్టరమ్మా. లోపల పగిలిపోయింది. అందుకే అంత కోసేరు."

నాప్‌కిన్లు మడిచే చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరవాత మళ్లీ మడతలు పెట్టాయి. నూకరత్నం అది చూసింది; చూసి, నమ్మిందన్నమాట అనుకుని ఊపిరి తీసుకుంది.

పైగా ఆమె మనసులో ఇంకో ధైర్యం. నోటితో ఏం చెబితేనేం? లోపలున్నది మిషనుకి కనబడుతుంది కదా. హైదరాబాద్‌లో చూసింది తను, ఇలాంటి మిషనే, కడుపు మీద ఆనించగానే అన్నీ ఆ టీవీలోకి వచ్చేస్తాయి. నొప్పి ఎందుకో మిషను చెబుతుంది. అది అచ్చియ్యమ్మకి చెప్పదు, డాక్టరుకే చెబుతుంది.

చల్లని జెల్లు పడగానే దుర్గ ఉలిక్కిపడింది. సాలెహా ముందు పైకడుపు చూసింది.

"ఊపిరి తీసుకుని బిగపట్టు. వదులు. పాంక్రియాస్ బాగా చిన్నదైపోయింది. చిన్నప్పట్నుంచీ షుగరుందా?"

"ఉందండి" అంది దుర్గ.

"మందులు?"

"వాడతందండి, షుగరు మందులు" అంది నూకరత్నం, కూతురికి సందివ్వకుండా.

చెయ్యి కిందికి జారింది. కుడివైపు, బొడ్డు కింద ఆగింది. అక్కడ నొక్కగానే దుర్గ పళ్లు బిగించింది. సాలెహా అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అక్కడికే వచ్చింది. బూడిదరంగు తెరమీద నల్లగా ఉబ్బిన ముద్ద, పక్కనే పేగు మడత లాంటిది.

దుర్గ తెర వైపే చూస్తోంది. హైదరాబాద్‌లో ప్రతిసారీ ఇక్కడికి రాగానే వాళ్లు ఏదో మీట నొక్కేవారు; బూడిదరంగు మధ్యలో ఎరుపూ నీలం మెరిసేవి. రక్తం పారుతోందమ్మా, బాగుంది అని చూపించేవారు. ఆ రంగుల కోసం చూస్తోంది. సాలెహా మీట నొక్కలేదు. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయిన కడుపులో, కోత పక్కన ఉబ్బిన ముద్ద కనబడితే, అందులో రక్తం పారుతోందా అని ఎవరు చూస్తారు?

"డాక్టర్ గారూ" అంది దుర్గ.

"ఏమ్మా?"

నూకరత్నం కూతురి పాదం మీద చెయ్యి వేసింది. మెల్లిగానే వేసింది.

"ఏం లేదండి."

"లోపల పేగులు అతుక్కుని గడ్డలా అయింది. చీము కూడా ఉండొచ్చు. పాత ఆపరేషన్ చోట ఒక్కోసారి ఇలా అవుతుంది. మందులు వాడండి, రెండు రోజులాగి మళ్లీ చూద్దాం. ఈలోగా జ్వరమొస్తే సర్జన్‌కి చూపించండి. ఇంకేదైనా చెప్పాల్సింది ఉందా?"

"లేదండి" అంది నూకరత్నం.

అచ్చియ్యమ్మ నాప్‌కిన్లతో దుర్గ కడుపు తుడిచింది. ఎప్పుడూ తుడిచేదానికంటే నెమ్మదిగా, కోత అంచులు తప్పించుకుంటూ తుడిచింది. ఏదో అనబోయినట్టు నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం మొహం తిప్పుకుని చెప్పులు వెతుక్కుంది.

* * *

ఆ సాయంత్రం రెండో వాయి హల్వా కూడా డబ్బాల్లోకి ఎత్తారు. వేడి తగ్గినా గట్టిపడకముందే ఎత్తాలి, లేకపోతే గరిటె వంగుతుంది. బంగార్రాజు ఎత్తుతుంటే నూకరత్నం పైన జీడిపప్పు అద్దుతూ మూతలు పెట్టింది. దుర్గ లోపలి గదిలో మందు వేసుకుని పడుకుంది. మర్నాడు పొద్దున్న రోలుగుంట నుంచి ఆటో వచ్చింది, డబ్బాలు వెళ్లిపోయాయి. ఆటోలో వచ్చిన పెళ్లికూతురి తండ్రి వెళ్లేముందు ఒక ముక్క నోట్లో వేసుకుని, "మీ పాప ఒంట్లో ఎలాగుందమ్మా ఇప్పుడు?" అని అడిగాడు. బావుందండి అని నూకరత్నం లోపలి గది తలుపు దగ్గరికి లాగింది. ఈయనెందుకు అడిగాడా అని ఆమెకి తట్టలేదు. పని నెత్తిమీదుంటే ఏదీ తట్టదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు దుర్గ లేచి రాలేదు. నూకరత్నం కంచం పట్టుకుని వెళ్లేసరికి పిల్ల మంచం మీద కూర్చుని వేలి చివర నొక్కుకుంటోంది. ఒళ్లో షుగరు చూసే మిషను. చాలా రోజులుగా గూట్లో దుమ్ము పట్టిపోయి ఉన్నది.

"అదెందుకు తీసేవు?"

దుర్గ మిషను తల్లి వైపు తిప్పింది. నూకరత్నానికి ఇంగ్లీషు రాదు గాని ఆ అంకెలు వచ్చు. ఇరవయ్యేళ్లు చూసిన అంకెలు. నాలుగువందలు దాటింది.

"కొత్త మందు పడలేదేమోనే. మళ్లీ సూడు."

"మూడుసార్లు చూసేనమ్మా." పిల్ల గొంతులో కోపం లేదు. అదే నూకరత్నాన్ని భయపెట్టింది. "పొద్దున్న కూడా ఎక్కువే ఉంది. నువ్వు డబ్బాలు సర్దుతున్నావు."

హైదరాబాద్‌కి ఫోన్ దుర్గే చేసింది. అవతలి డాక్టరు ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, స్కానింగు చేశారా అని అడుగుతుంటే పిల్ల ఒక్కొక్కటే చెప్పింది. డాప్లర్‌లో, అదే ఆ రంగుల్లో, రక్తం పారడం కనబడిందా అని అడిగితే, "చూడలేదండి. వాళ్లకి చెప్పలేదండి" అంది. ఇటు తిరిగి తల్లి మొహం చూడలేదు. వెంటనే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. బంగార్రాజు కొట్టుకి తాళం కూడా వెయ్యకుండా స్నేహితుడు కొండబాబు కారు తీసుకొచ్చాడు.

* * *

విశాఖపట్నం ఆసుపత్రిలో నరంలోకి మందు ఎక్కించి ఫొటోలు తీశారు. ఆ మందు రక్తంతోపాటు ఎక్కడెక్కడికి వెళితే అక్కడక్కడ తెల్లగా వెలుగుతుందట. పెద్ద డాక్టరు బంగార్రాజునీ నూకరత్నాన్నీ లోపలికి పిలిచి తెర చూపించాడు. కాలేయం తెల్లగా ఉంది. మూత్రపిండాలు తెల్లగా ఉన్నాయి. కుడివైపు, బొడ్డు కింద నల్లగా ఉంది.

"రక్తం తీసుకెళ్లే సిరలో గడ్డ కట్టేసింది. మొదట కొంచెమే కట్టి ఉంటుంది, నొప్పి మొదలైనప్పుడు. ఆ రోజే వచ్చి ఉంటే గడ్డ కరిగించడానికో, తియ్యడానికో ప్రయత్నం చేసేవాళ్లం. నిలబడేదని గ్యారంటీ ఇవ్వలేను గాని, చాన్సుండేది. ఇప్పుడది బతికిలేదు. తీసెయ్యకపోతే అమ్మాయి ప్రాణానికే ప్రమాదం."

బంగార్రాజు కుర్చీ చేతిని పట్టుకున్నాడు. డాక్టరు చోడవరం రిపోర్టు తిరగేశాడు.

"ఇందులో అపెండిక్స్ ఆపరేషన్ అని రాసుంది. వాళ్లకి ఎవరు చెప్పారు అలాగని?"

బంగార్రాజు భార్య వైపు చూశాడు.

"మిషనుకి అన్నీ కనబడతాయి కదండీ" అంది నూకరత్నం చివరికి.

"కనబడేవి నీడలమ్మా. ఏ నీడ ఏమిటో మనిషి చదవాలి. అక్కడ ఫలానాది పెట్టారు అని ఒక్క మాట చెబితే, చదివేవాళ్లు దానికోసమే వెతుకుతారు. చెప్పకపోతే పాపం ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తుంది?"

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని నూకరత్నం అనుకుంది.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు నూకరత్నం దుర్గ పక్కన కూర్చుంది. పిల్ల అరచెయ్యి అలవాటుగా అక్కడే ఉంది. ఈసారి నూకరత్నం లాగలేదు.

"వాళ్లమ్మ ఇచ్చిందమ్మా" అంది దుర్గ పైకప్పు చూస్తూ. "ఎవరో, ఏ ఊరో. కొడుకో కూతురో పోయిన రోజున, ఆ ఏడుపులో కూడా ఎవరికో పనికొస్తుందని ఇచ్చింది. ఆవిడ అందరి ముందూ ఇచ్చింది. మనం దాచేసేం."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. నర్సు వచ్చి మంచం చక్రాల గొళ్లెం తీసింది.

* * *

ఇంటికొచ్చాక సూదుల డబ్బా మళ్లీ గూట్లోకి వచ్చింది. దుర్గ కొట్లో గోడవారగా కుర్చీలో కూర్చుంటోంది. లోపల ఒంటరిగా ఉండనంది. అచ్చియ్యమ్మ చూడ్డానికి వచ్చింది, సెలవు పెట్టి, కొంగులో రెండు బత్తాయిలు పెట్టుకుని. దుర్గ తల నిమిరి, నూకరత్నం పక్కన గచ్చు మీద చతికిలబడింది. బాణలి దగ్గర బంగార్రాజు తెడ్డు చప్పుడొక్కటే.

"నాను నోరిప్పవలసింది వొదినా" అంది అచ్చియ్యమ్మ.

"నువ్వా? నువ్వేటి సేస్తావు?"

"నాకు తెలుసు గదా."

నూకరత్నం తిరిగి చూసింది.

"ఏటి తెలుసు?"

"మన దుర్గ గుంటకి ఏటి పెట్టేరో, ఎక్కడ పెట్టేరో. ఆపరేషన్ అయిన రోజే బంగార్రాజు బావ కొండబాబుకి ఫోన్ సేసి గొల్లుమన్నాడంట, నా కూతురు బతికిందిరా, ఎవడో మారాజు పోతా పోతా నా కూతురికి పేణం ఇచ్చేడురా అని. కొండబాబు అప్పుడు టీ కొట్లో ఉన్నాడు, అక్కడున్నోళ్లందరూ ఇన్నారు. ఆ సాయంత్రం ఈదిలో ఆడోళ్లందరం ఇనాయకుడి గుడికెళ్లి ఉండ్రాళ్లు పెట్టించేం. తరవాత నువ్వొచ్చి అపెండిక్స్ అన్నావు. దానికి ఇష్టం లేదు కాబోలు, మనమెవరం దాని కడుపులో మాట పైకి లాగడానికి అనుకున్నాం. నీ దగ్గర అందరం నోరు కట్టుకున్నాం."

"అందరూనా?"

"అందరూనే. రోలుగుంట పెళ్లోరికి సెప్పింది నానే. అందుకే నీ దగ్గర ఆర్డరిచ్చేరు. సచ్చి బతికిన పిల్ల ఉన్న ఇల్లు, ఆ ఇంటి తీపి మంచిదన్నారు." అచ్చియ్యమ్మ ముక్కు చీదుకుంది. "ఆ రోజు గదిలో నువ్వలాగంటే, నాకు గొంతుదాకా వచ్చింది. డాక్టరమ్మ ముందు నిన్ను అబద్ధాలకోరుని సెయ్యలేకపోయేను. మొన్న డాక్టరమ్మకి తెలిసి కూలబడిపోయింది. నీకు తెలుసా అచ్చియ్యమ్మా అనడిగింది. తెలీదమ్మా అన్నాను. ఏటి సెప్పమంటావు?"

తెడ్డు చప్పుడు ఆగింది. బంగార్రాజు వీపు ఇటే ఉంది. కాసేపటికి తెడ్డు మళ్లీ కదిలింది. నూకరత్నం మొగుణ్ణి ఏమీ అడగలేదు. ఏమని అడుగుతుంది? సంతోషం పట్టలేక చెప్పాడు. చెప్పి, ఆమె కోపానికి భయపడి ఎవరికీ చెప్పలేదన్నాడు. ఇన్ని నెలలూ ఊరంతా ఆమె పరువు కాపాడింది. ఆ స్కానింగు గదిలో కూడా కాపాడింది.

అప్పుడే మాడుగుల బస్సు ఆగింది. చేతిసంచితో ఒకాయన దిగి కొట్టు ముందుకొచ్చాడు. ఎప్పుడూ చూడని మొహం. హల్వా పళ్లేలు చూస్తూ, కుర్చీలో వంగి కూర్చున్న దుర్గని చూశాడు. పిల్ల మొహం పాలిపోయి ఉంది, కుర్తీ కింద కట్టు ఎత్తుగా కనబడుతోంది.

"అయ్యో, పాపకి ఏటైందమ్మా?"

నూకరత్నం నోరు దానంతటదే తెరుచుకుంది. ఏ మాట నాలిక మీదికి వచ్చిందో ఆమెకి తెలుసు.

"షుగరు జబ్బండి" అంది దుర్గ, తల్లికంటే ముందు. గొంతు నీరసంగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. "చనిపోయినవాళ్ల పాంక్రియాస్ నాకు పెట్టేరు. ఎనిమిది నెలలు బాగా పనిచేసింది. మొన్న గడ్డకట్టి పోయింది, తీసేసేరు."

అచ్చియ్యమ్మ కొంగు బిగించుకుంది. నూకరత్నం తలెత్తలేదు, ఆయన చెప్పులు చూస్తోంది, అవి వెనక్కి తిరుగుతాయని.

"అలాగా" అన్నాడాయన. "పాపం, చిన్నపిల్ల. మళ్లీ దొరుకుద్దిలే అమ్మా, బెంగెట్టుకోకు." పళ్లెం వైపు వేలు చూపించాడు. "అరకేజీ ఇవ్వండమ్మా. జీడిపప్పు ఎక్కువున్న వైపు నుంచి."

నూకరత్నం లేచి కత్తి తీసుకుంది. జీడిపప్పు ఎక్కువున్న వైపు నుంచి కోసింది. తక్కెట్లో వేసి, ముల్లు నిలబడేదాకా చూసింది. కళ్లనీళ్లకి అది ఎక్కడ నిలబడిందో కనబడలేదు. ఇంకో ముక్క వేసి కట్టి ఇచ్చింది.